ఎనిమిది ఆదివారాలు, ఒకే గుడి

ప్రశ్న: మాది ఫిరంగిపురం పక్కన పల్లె. తాతల కాలం నుంచి కతోలికులం. నేను చెన్నై వచ్చి మూడేళ్ళు. ఐటీ ఆఫీసులుండే ఓఎమ్మార్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, షోలింగనల్లూరులో పీజీ, గదికి ముగ్గురం. షిఫ్టు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పది దాకా. ఊళ్ళో గుడిగంట వింటే కాళ్ళు వాటంతటవే కదిలేవి. ఇక్కడ ఒక ఆదివారం బెసంట్ నగర్, ఇంకో ఆదివారం శాంతోమ్, ఓపిక లేని రోజు యూట్యూబులో తెలుగు పూజ. తమిళం సగం అర్థమవుతుంది, సగం కాదు. మూడేళ్ళలో ఏ గుడిలోనూ నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మా ప్రాజెక్టులో ఈమధ్య ఏడుగుర్ని తీసేశారు, తర్వాత నేనేనేమో. జపమాల పడితే నిద్రొస్తుంది, లేదంటే చెయ్యి ఫోను మీదికి పోతుంది. గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసి రెండేళ్ళు దాటింది. దేవుడున్నాడని తెలుసు గానీ మనసులో ఆశ లేదు. నా విశ్వాసం పోయినట్టేనా? కాస్త నిశ్శబ్దం, నా అనుకునే నలుగురు మనుషులు ఈ ఊళ్ళో దొరుకుతారా?

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు: దొరుకుతారు. విశ్వాసం సంగతంటారా, అది పోయినవాళ్ళకు పాపసంకీర్తనం చేసి ఎన్నాళ్ళయిందో లెక్క గుర్తుండదు. మీకు గుర్తుంది.

మీ ఉత్తరంలో మాకు కనిపించిన లోటు ఒకటే. మూడేళ్ళుగా మీకు ఒక గుడంటూ లేదు. బెసంట్ నగర్ వేళాంగణి మాత గుడి, శాంతోమ్ బసిలికా రెండూ గొప్ప గుళ్ళే, కానీ రెండూ యాత్రికులతో నిండే గుళ్ళు. ఈ ఆదివారం మీ పక్కన కూర్చున్నావిడ వచ్చే ఆదివారం తాంబరంలోనో తిరుచ్చిలోనో ఉంటుంది. మీరూ ఇంకోచోట ఉంటారు. ఇక మీ పేరు ఎవరికి తెలియాలి? అక్కడివాళ్ళు మనసు లేనివాళ్ళని కాదు, మిమ్మల్ని రెండోసారి చూసే అవకాశమే వాళ్ళకు రావడం లేదు.

శాంతోమ్‌లో ఎవరి సమాధి ఉందో మీకు తెలుసు. ఆ పునీత తోమా గారి కథ యోహాను సువిశేషం (సువార్త) 20వ అధ్యాయంలో మళ్ళీ ఒకసారి చదవండి. పునరుత్థాన ఆదివారం సాయంత్రం, శిష్యులు తలుపులు బిగించుకుని కూర్చున్న గదిలోకి ప్రభువు వచ్చినప్పుడు తోమా అక్కడ లేడు. తోటివాళ్ళు చెప్తే నమ్మలేదు. కానీ ఎనిమిది రోజులకు ఆయన వాళ్ళ మధ్యే ఉన్నాడు. నమ్మకం ఇంకా కుదరకుండానే వచ్చి కూర్చున్నాడు. ప్రభువు రెండోసారి వచ్చింది ఆ గదికే. అప్పటి లెక్క ప్రకారం ఎనిమిది రోజులంటే మళ్ళీ ఆదివారమే. మనసు బాగుపడ్డాక గుడికి వెళ్దామని ఆగితే మనసూ బాగుపడదు, గుడీ దూరమవుతుంది. ముందు కాళ్ళు వెళ్ళాలి.

అందుకని మీకు మేం చెప్పే మందు ఇది. మీ పీజీ ఏ విచారణ (ఒక గుడి పరిధి, అంటే పారిష్) కిందికి వస్తుందో కనుక్కుని, ఎనిమిది ఆదివారాలు ఆ ఒక్క గుడికే వెళ్ళండి. ఒకే పూజకు వెళ్ళండి. వీలైతే ఒకే వరుసలో, ముందు నుంచి మూడో నాలుగో బల్లలో, పాటలు పాడేవాళ్ళ వైపు కూర్చోండి. మీది వారమంతా రాత్రి పది దాకా పని కాబట్టి ఆదివారం తెల్లవారుజామున అలారం పెట్టుకుని, లేవలేక, ఆ తప్పు నెత్తిన వేసుకుని మధ్యాహ్నం దాకా కుమిలిపోయే పద్ధతి మానేయండి. సాయంత్రం పూజ ఉంటే అదే ఎంచుకోండి. శనివారం సాయంత్రం పూజలో పాల్గొన్నా ఆదివారం నియమం తీరినట్టే, సభ చట్టం ఆ మాట స్పష్టంగా చెప్తుంది. యూట్యూబు పూజ మంచాన పడ్డవాళ్ళకు, వాళ్ళ పక్కన కాపలా ఉండేవాళ్ళకు వరం. నడవగలిగినవాళ్ళకు అది పూజకు బదులు కాదు. పైగా తెర మీంచి దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) చేతికి రాదు, పక్కవాళ్ళ చెయ్యీ అందదు. మీ ఒంటరితనానికి సగం కారణం ఆ తెరే.

విచారణ ఏదో తెలుసుకోవడంలో చెన్నైలో చిన్న తికమక ఉంది. శాంతోమ్ మద్రాసు-మైలాపూరు అగ్రపీఠానిది (ఆర్చిబిషప్ కింద ఉండే ప్రాంతం). సెయింట్ థామస్ మౌంట్, అంటే పరంగిమలై, 2002లో వేరుపడిన చెంగల్పట్టు పీఠానిది. కాబట్టి దగ్గర్లో కనబడ్డ గుడే మీ విచారణ అనుకోకుండా, ఏ గుడి ఆఫీసులోనైనా మీ వీధి పేరు చెప్పి అడగండి. ఒక పరిధిలో మూడు నెలలు ఉంటే, లేదా మూడు నెలలైనా ఉండాలన్న ఉద్దేశంతో వచ్చినా, మీరు ఆ విచారణవారే. అద్దెకుండేవాళ్ళం, పీజీవాళ్ళం అని సంకోచించే పని లేదు. మలయాళీలు ఎక్కువగా వెళ్ళే కొన్ని గుళ్ళలో పూజ సీరో-మలబారు రీతిలో, అంటే కేరళ కతోలికుల సొంత పద్ధతిలో జరుగుతుంది. అదీ మన కతోలిక సభే, అక్కడ పాల్గొన్నా ఆదివారం నియమం తీరుతుంది. కాకపోతే మీరు నిలదొక్కుకోవడానికి మీ సొంత లాటిన్ రీతి విచారణే తేలిక.

తమిళం గురించి. ఇది మీరనుకున్నంత పెద్ద గోడ కాదు. పూజ వరుస ఫిరంగిపురంలో ఎలా ఉంటుందో ఇక్కడా అంతే: పశ్చాత్తాపం, పఠనాలు, సువిశేషం, విశ్వాస సంగ్రహం, అర్పణ, పరలోకజపం, సత్ప్రసాదం. ఆ ఆదివారం మీ అమ్మగారు ఊళ్ళో వినే పఠనాలే మీరూ వింటారు. కాబట్టి శనివారం రాత్రి ఆ మూడు పఠనాలూ కీర్తనా తెలుగులో చదువుకుని పడుకోండి, పదిహేను నిమిషాల పని. మర్నాడు తమిళంలో చదువుతుంటే సగం మాటలు వాటంతటవే విప్పుకుంటాయి. ఏ సువిశేషం నడుస్తోందో తెలుసుకోవడానికి ఒక చిట్కా. సంవత్సరం అంకెలు కూడి మూడుతో భాగించండి. ఒకటి మిగిలితే మత్తయి, రెండు మిగిలితే మార్కు, ఏమీ మిగలకపోతే లూకా. 2026 అంకెలు కూడితే పది, ఒకటి మిగులుతుంది, కాబట్టి మత్తయి. నవంబరు చివర్లోనో డిసెంబరు మొదట్లోనో ఆగమనకాలం (క్రిస్మసుకు సిద్ధపడే కాలం) మొదలయ్యే ఆదివారం నుంచి వచ్చే సంవత్సరం లెక్క తీసుకోవాలి. చాలామంది తడబడేది ఇక్కడే. ఈస్టరుకు ముందు తపస్సుకాలంలో, ఈస్టరు నుంచి సాగే పాస్కాకాలంలో మధ్యమధ్య యోహాను వస్తుంది. పుస్తకం మాత్రం 73 గ్రంథాలున్న కతోలిక పవిత్రగ్రంథమే తీసుకోండి. 66 పుస్తకాల బైబిల్లో తోబీతు, మక్కబీయులు, సొలోమోను జ్ఞానగ్రంథం లాంటివి ఉండవు, ఆ వారం పఠనం వెతికి వెతికి విసిగిపోతారు.

జవాబులు నాలుగైదు నేర్చుకుంటే చాలు. గురువు 'ఆండవర్ ఉంగళోడు ఇరుప్పారాగ' అంటే 'ఉమ్ ఆన్మావోడుం ఇరుప్పారాగ' అనాలి. 'తూయవర్, తూయవర్' అని మొదలైతే అది మన 'పరిశుద్ధుడు'. 'ఉలగిన్ పావంగళై పోక్కుం' అని వినబడితే దేవుని గొర్రెపిల్ల పాట. పూజను తిరుప్పలి అంటారు, సువిశేషాన్ని నర్చెయ్ది, విచారణను పంగు, విచారణ గురువుల్ని పంగు తందై. ఒక చిన్న నోటుబుక్కు కొని ఆ పాటల్ని తెలుగు లిపిలో రాసుకోండి. తమిళంలో ఒకే అక్షరాన్ని చోటునుబట్టి క అనీ గ అనీ పలుకుతారు. మనకు రెండింటికీ వేరువేరు అక్షరాలున్నాయి కాబట్టి విన్నది విన్నట్టు రాయొచ్చు. ఇబ్బందల్లా వాళ్ళ 'తమిళ్' చివరి అక్షరంతోనే. దాన్ని ళ అనే రాసుకుని, కింద ఒక చుక్క పెట్టుకోండి. ఎలా పలకాలో పక్కావిడ నేర్పిస్తుంది, పరిచయానికి అదొక దారి.

మొదటి మూడు వారాలూ ఎవరూ పలకరించకపోవచ్చు. ఈ పిల్లకి తమిళం రాదేమోనని వాళ్ళు మొహమాటపడతారు, వీళ్ళకి నేను పట్టలేదని మీరు అనుకుంటారు. పూజకు పదిహేను నిమిషాలు ముందు వెళ్ళండి, అయ్యాక పది నిమిషాలు ఆగండి. దీవెన అవ్వగానే బస్సుకు పరిగెత్తేవాళ్ళ మొహం ఎవరికీ గుర్తుండదు. మరియమాత గుహ దగ్గర కొవ్వొత్తులు సర్దే పెద్దావిడ దగ్గరికి వెళ్ళి ఒక్క మాట అడగండి: 'అక్కా, నాన్ పుదుసు. ఎన్నోడ తెరు ఎంద అన్బియం?' అక్కా, నేను కొత్త, మా వీధి ఏ అన్బియం కిందికి వస్తుంది అని.

ఈ అన్బియం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు అడిగిన నలుగురు మనుషులు అక్కడే ఉన్నారు. అన్బు అంటే ప్రేమ. తమిళనాడు విచారణల్లో వీధుల వారీగా కొన్ని కుటుంబాల్ని కలిపి ఒక గుంపు చేస్తారు, దానికి ఒక పునీతుల పేరు పెడతారు, అదే అన్బియం. నెలకోసారో రెండుసార్లో ఎవరో ఒకరింట్లో కలుస్తారు. జపమాల చెప్పుకుంటారు, సువిశేషం పంచుకుంటారు, చివర్లో టీ. చాలాచోట్ల సువిశేషం పంచుకోవడానికి దక్షిణాఫ్రికాలోని లుమ్కో సంస్థ రూపొందించిన ఏడు మెట్ల పద్ధతి వాడతారు. ముందు ఒకరు ప్రభువును ఆహ్వానిస్తూ చిన్న ప్రార్థన చేస్తారు. ఒకరు వాక్యభాగం చదువుతారు. తర్వాత ఎవరి మనసుకు తగిలిన మాటను వాళ్ళు మూడుసార్లు మెల్లగా పైకి అంటారు. అప్పుడు కొన్ని నిమిషాలు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఆ మాట తమకెందుకు తగిలిందో చెప్పుకుంటారు. ఆరో మెట్టులో, ఈ వారం మన వీధిలో మనం చేయాల్సిన పనేమిటని మాట్లాడుకుంటారు: ఆసుపత్రిలో ఎవరున్నారు, ఎవరింట్లో ఫీజు కట్టలేదు, ఇలాంటివి. చివరికి ఎవరి మాటల్లో వాళ్ళు ప్రార్థిస్తారు.

మూడో మెట్టు మీకోసమే పెట్టినట్టుంటుంది. భాష రాకపోయినా ఒక్క మాట అనగలరు. తెలుగులో అనండి, ఎవరూ తప్పుపట్టరు. చెన్నైలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తక్కువేమీ కాదు, ఆ గదిలోనే ఒకరు బయటపడ్డా ఆశ్చర్యపోవద్దు. ఈ కూటాలు ఎక్కడ చెడతాయో కూడా తెలుసుకోండి. నాలుగో మెట్టు, అంటే ఆ నిశ్శబ్దం, ఎబ్బెట్టుగా ఉందని ఎగరగొట్టేస్తారు. అప్పుడు ఐదో మెట్టు ఒకరి ప్రసంగమై కూర్చుంటుంది. 'పెళ్ళెప్పుడు' అన్న ప్రశ్న కూడా మీకు తప్పదు. నవ్వి ఊరుకోండి, ఆ అడిగినావిడే మీకు జ్వరమొస్తే కంజి పట్టుకొస్తుంది.

కూర్చుని వినేవాళ్ళకంటే పని అందుకున్నవాళ్ళు తొందరగా కలిసిపోతారు. కుర్చీలు సర్దండి, గ్లాసులు కడగండి. నాలుగైదు వారాలయ్యాక పాటల బృందంలో చేరతానని అడగండి. సాధన సాధారణంగా వారాంతంలోనే ఉంటుంది. లేదా విన్సెంట్ డి పాల్ సొసైటీవాళ్ళతో ఇళ్ళు చూడ్డానికి వెళ్ళండి. 1833లో పారిస్‌లో దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ముఖ్యుడు ఫ్రెడరిక్ ఓజనామ్, అప్పటికి ఇరవై ఏళ్ళ విద్యార్థి, మీలాగే పెద్ద నగరానికి చదువుకోసం వచ్చిన కుర్రవాడు. వాళ్ళ పద్ధతి ఇప్పటికీ అదే: పేదవారింటికి ఇద్దరు కలిసి వెళ్ళడం, కూర్చుని వినడం, తర్వాతే సాయం సంగతి. తన ఉద్యోగం పోతుందేమోనన్న దిగులుతో ఉన్న మనిషికి, ఇంకొకరి వంటింట్లో బియ్యం ఉందో లేదో చూసి రావడం చాలా మేలు చేస్తుంది.

తెలుగు పూజ కూడా వెతుక్కోండి. కొన్ని విచారణల్లో నెలకోసారి ఉంటుంది, ఆఫీసులో అడిగితే చెప్తారు. నెలకొకసారి వెళ్ళి మన పాటలు పాడుకుని రండి, ప్రాణం లేచొస్తుంది. కానీ మీ గుడి అదే కాకుండా చూసుకోండి, ఎందుకంటే మిగతా నెలంతా మీరుండేది మీ వీధిలో. వాట్సాప్ గుంపుల్లో చేరినా, పొద్దున్నే వచ్చే ఫార్వర్డులు చదవడమే ప్రార్థన అయిపోకుండా జాగ్రత్తపడండి. ఇంకో హెచ్చరిక. ఉద్యోగ భయంలో ఉన్నవాళ్ళ దగ్గరికి 'ఇంత కానుక వేస్తే ఇన్ని రోజుల్లో ఉద్యోగం ఖాయం' అనేవాళ్ళు తప్పకుండా వస్తారు. ధర కట్టి అమ్మేది ప్రార్థన కాదు. అక్కడ నిలబడొద్దు.

ఇక నిశ్శబ్దం. ముగ్గురున్న గదిలో రాత్రి పదకొండుకు నిశ్శబ్దం వెతికితే దొరకదు, మీ తప్పేమీ లేదు. మీ షిఫ్టే మీకు మేలు చేసింది. ఓఎమ్మార్ అంతా ఆఫీసుల్లో ఉన్న పొద్దున పదింటికి మీరు ఖాళీ. ఆ సమయంలో గుళ్ళు ఖాళీగా ఉంటాయి. కొన్నింటికి పొద్దున పూజ అయ్యాక తాళం వేస్తారు కాబట్టి ముందు కనుక్కోండి. ఆరాధన మందిరం విడిగా ఉంటే ఇంకా మంచిది. వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాలు. అంతకంటే ఎక్కువ పెట్టుకోవద్దు. గంట కూర్చుంటానని మొదలుపెట్టినవాళ్ళు మూడో రోజుకు మానేస్తారు, ఇరవై నిమిషాలవాళ్ళు మిగులుతారు.

ఆ ఇరవై నిమిషాలు ఇలా గడపండి. ఫోను సైలెంట్‌లో పెట్టి చేతిలో పట్టుకోవడం కాదు, ఆఫ్ చేసి బ్యాగు అడుగున వేయండి. వాక్యం ఫోన్లో చదవకండి, పుస్తకంలో చదవండి. మార్కు సువిశేషం తీసుకోండి, చిన్నది, పదహారు అధ్యాయాలే. రోజుకు ఐదు నుంచి ఎనిమిది వచనాలు. మొదటి రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి, వీపు నిటారుగా, పాదాలు నేల మీద. తర్వాత ఆ వచనాల్ని పెదవులు కదిలేలా రెండుసార్లు చదవండి. ఒక్క మాట ఎక్కడో పట్టుకుంటుంది. పట్టుకోకపోతే ఏదో ఒకటి ఎంచుకోండి, పర్వాలేదు. ఐదారు నిమిషాలు ఆ మాటతోనే ఉండండి. ఆ తర్వాత దేవుడితో తెలుగులో, అమ్మతో మాట్లాడినట్టు మాట్లాడండి. మేనేజరు సంగతి, ఇంటికి పంపాల్సిన డబ్బు సంగతి, అన్నీ. చివరి నాలుగు నిమిషాలు మాటలు ఆపేయండి. చదవడం, నెమరువేయడం, అడగడం, ఊరకుండడం అన్న ఈ నాలుగు మెట్లూ 12వ శతాబ్దంలో రెండో గీగో అనే కార్తూసియన్ సన్యాసి రాసిపెట్టినవి. నెమరువేయడమన్న మాట సన్యాసులు నిజంగానే వాడేవారు, ఆవు మేత నమిలినట్టు అని. మీ ఇంట్లో గేదెలుంటే ఇంకా వివరించనక్కర్లేదు.

ఆలోచనలు పరిగెత్తుతాయి. ఇరవై సార్లు పోతే ఇరవై సార్లు ఆ మాట దగ్గరికి తిరిగిరండి, మీమీద మీరు కోప్పడకండి. ఇవాళ ఏమీ అనిపించలేదు కాబట్టి ప్రార్థన ఫలించలేదని లెక్కవేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. లొయోలా ఇగ్నేషియస్ గారి సలహాలు రెండు ఇక్కడ పనికొస్తాయి. మనసు ఎండిపోయిన రోజు అనుకున్న సమయం కంటే కాస్త ఎక్కువ కూర్చోవాలి, తక్కువ కాదు. అలాంటి కాలంలో ముందు చేసుకున్న మంచి నిర్ణయాల్ని మార్చకూడదు. ఆదివారం రాత్రి దిగులుగా ఉన్నప్పుడు 'ఇక గుడి మానేస్తా', 'రేపే రాజీనామా ఇచ్చి ఊరెళ్ళిపోతా' అనిపిస్తుంది చూడండి, ఆ రాత్రి ఏదీ తేల్చకండి.

జపమాల మంచం మీద పడుకుని చెప్తే నిద్ర రాక ఏమొస్తుంది? చోటు మార్చండి. ఆఫీసు క్యాబులో చెప్పుకోండి. ఐదు పదుల జపమాలకు ఇరవై నిమిషాలు చాలు, ఒక్క పదికి మూడు నాలుగు నిమిషాలు. పక్కవాళ్ళు చూస్తారనిపిస్తే వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి, మరియమ్మకు చెప్పే పది మంగళవార్త జపాలకు దేవుడు పది వేళ్ళిచ్చాడు. ఒక్కో పదితో ధ్యానించే ఘట్టాల్ని రహస్యాలంటాం. సోమ, శని వారాల్లో సంతోష రహస్యాలు, మంగళ, శుక్ర వారాల్లో దుఃఖ రహస్యాలు, బుధ, ఆది వారాల్లో మహిమ రహస్యాలు, గురువారం 2002లో రెండో జాన్ పాల్ పోపు గారు చేర్చిన వెలుగు రహస్యాలు. ఐదూ చెప్పలేని రోజు ఒక్క పది, నిదానంగా.

పూసల జపమాల చేతిలో ఉన్నప్పుడు ఒకటి గమనించండి. సిలువ తర్వాత ఒక పెద్ద పూస, దాని తర్వాత మూడు చిన్న పూసలు వస్తాయి. వాటిని విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ కోసం చెప్పడం పాత వాడుక. నడిమిది నిరీక్షణ. దాని కోసం అడిగాకే మనం మొదటి రహస్యంలోకి వెళ్తాం, అంటే అది మన దగ్గర తగినంత లేదని రోజూ ఒప్పుకుంటున్నట్టే. మీరు 'ఆశ లేదు' అని రాశారు. మన భాషలో ఆశకు పేరాశ అనే చెల్లెలుంది, అనుకున్నది జరగకపోతే చచ్చిపోయేది ఆశ. నిరీక్షణ అంటే ఎదురుచూపు. వచ్చేవారు ఎవరో తెలిసి గుమ్మంలో నిలబడడం. వాళ్ళు ఆలస్యం చేసినా గుమ్మం విడిచిపెట్టకపోవడం. ఇది మీరు మనసులో పుట్టించుకోవాల్సిన ఉత్సాహం కాదు. దేవుడిచ్చే వరమని సభ బోధిస్తుంది. మీరు చేయాల్సిందల్లా ఆ నడిమి పూస దగ్గర రోజూ అడగడం.

ఉద్యోగ భయం గురించి. ప్రార్థన చేసేవాళ్ళ ఉద్యోగాలు పోవని ఎక్కడా రాసిలేదు. కాబట్టి రెజ్యూమే సరిచేసుకోండి, మూడు నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి, అన్బియంలో నలుగురికీ సంగతి చెప్పి ఉంచండి. పని దొరికేది చాలాసార్లు తెలిసినవాళ్ళ వల్లే. ఈ భయాన్ని చెప్పులతోపాటు గుడి బయట వదిలి రావాలనుకోకండి. 13వ లియో పోపు గారు 1891లో శ్రామికుల హక్కుల మీద ప్రత్యేకంగా విశ్వలేఖ (సభ అంతటికీ పోపు రాసే లేఖ) రాశారు. 2025 మేలో ఎన్నికైన 14వ లియో గారు ఆ పేరు ఎందుకు ఎంచుకున్నారో చెప్తూ ఆ లేఖనూ, ఇప్పుడు కృత్రిమ మేధ వల్ల పనికీ మనిషి గౌరవానికీ ఎదురవుతున్న సవాళ్ళనూ ప్రస్తావించారు. మీ ఓఎమ్మార్ దిగులు రోముకు తెలిసిన దిగులే.

అలసట సంగతి కూడా చూసుకోవాలి. 1 రాజులు 19లో ఏలియా ప్రవక్త చెట్టు కింద పడి 'ఇక చాలు, నా ప్రాణం తీసుకో' అన్నాడు. దేవదూత ఆయనకు వాక్యం చెప్పలేదు. రొట్టె, నీళ్ళు పెట్టాడు. ప్రవక్త తిని పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. కొండ మీద మెల్లని స్వరం వినబడింది ఆ తర్వాత. రాత్రి పదకొండుకు నూడుల్స్ తిని, రెండింటిదాకా ఫోను చూసి, పొద్దున ప్రార్థనలో ఏమీ అనిపించడం లేదంటే ముందు సరిచేయాల్సింది నిద్ర. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి, ఏ పని మీదా ఇష్టం లేకుండా పోతే, లేదా బతకాలనిపించకపోతే, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. వైద్యం చేయించుకోవడం విశ్వాసం లేకపోవడం కాదు.

మిగిలింది పాపసంకీర్తనం. రెండేళ్ళయిందని భయపడుతున్నారు. గురువులు ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చినవాళ్ళను కూడా చూస్తారు. పూజకు ఐదు నిమిషాల ముందు వెళ్ళకండి, ఆయనకూ తొందర, మీకూ తొందర. వారంలో ఒక రోజు సమయం అడిగి వెళ్ళండి. ముందు పదిహేను నిమిషాలు కూర్చుని పది ఆజ్ఞల వరుసలో ఆలోచించుకుని, కావాలంటే ఒక కాగితం మీద రాసుకోండి, అయ్యాక చింపేయండి. ఫోన్లో మాత్రం రాసుకోవద్దు. ఇంగ్లీషులో చెప్పుకోవచ్చు. 'దీవించండి ఫాదర్, నేను చివరిసారి పాపసంకీర్తనం చేసి రెండేళ్ళు దాటింది, మర్చిపోయినచోట సాయం చేయండి' అంటే చాలు, మిగతాది ఆయనే నడిపిస్తారు. పెద్ద పాపాలు ఏవి, ఎన్నిసార్లు అన్నది చెప్పాలి. కథలు అక్కర్లేదు, పక్కవాళ్ళ పేర్లూ తప్పులూ అసలే వద్దు. నిజంగా మర్చిపోయినవి కూడా క్షమించబడతాయి, గుర్తొస్తే తర్వాతిసారి చెప్పండి. గురువు ఆ రహస్యాన్ని ఎవరికీ, ఏ కారణంతోనూ చెప్పకూడదు. నేరుగా బయటపెడితే ఆయనే సభ నుంచి వెలి అవుతాడు. ఇచ్చిన ప్రాయశ్చిత్తం ఆ గుడిలోనే, బయటికి రాకముందే చేసేయండి. వాయిదా వేస్తే మర్చిపోతాం. తపస్సుకాలం చివరి వారం దాకా ఆగొద్దు, ఆ వరుసల్లో నిలబడితే ప్రశాంతంగా మాట్లాడే వీలుండదు.

బెసంట్ నగర్, శాంతోమ్ మానేయమని మేం అనడం లేదు. ఆగస్టు 29న జెండా ఎగరేసినప్పటి నుంచి సెప్టెంబరు 8 దాకా వేళాంగణి మాత పండుగకు వెళ్ళండి, అన్బియంవాళ్ళతో కలిసి వెళ్ళండి. శాంతోమ్‌కు ఆదివారం కాకుండా మామూలు రోజు పొద్దున వెళ్ళి, కింద సమాధి మందిరంలో కూర్చోండి. పరంగిమలై ఒక్కసారైనా ఎక్కండి. మీ ఊరి పేరులోని ఫిరంగి, ఈ కొండ పేరులోని పరంగి ఒకే మాట. కొండ మీద గుడి ఎదురుచూపుల మాతది, డిసెంబరు 18న ఆమె పండుగ. కడుపులో బిడ్డతో, పుట్టుకకు వారం ముందు ఎదురుచూస్తున్న మరియమ్మ.

ముందు ఈ వారమే చేయాల్సిన పని ఉంది. విచారణ ఆఫీసు తెరిచే వేళ కనుక్కుని షిఫ్టుకు ముందు వెళ్ళండి. జ్ఞానస్నాన పత్రం నకలు, ఉంటే మీ ఊరి విచారణ గురువుల దగ్గర్నుంచి చిన్న లేఖ పట్టుకెళ్ళండి. లేకపోయినా వెళ్ళండి. విచారణ పుస్తకంలో కుటుంబాల పేర్లే రాస్తుంటారు, పీజీలో ఉండే ఒంటరి మనిషి పేరు రాయాలని వాళ్ళకు తట్టకపోవచ్చు. ఒక్కదాన్నే ఉంటాను, నా పేరు రాసుకోండి అని మీరే అడగండి. నెల చందా ఎంతో కనుక్కుని వీలైనంత కట్టండి. కట్టలేకపోతే ఆ మాట చెప్పండి, దానివల్ల పూజా, సంస్కారాలూ ఆగవు. మీ వీధి అన్బియం పెద్ద ఎవరో, వాళ్ళ ఫోను నంబరు, వచ్చే కూటం ఎవరింట్లోనో రాయించుకుని రండి.